నైరుతి మూలలో బాతుల జంట పెడితే ప్రేమ తిరిగొస్తుందా? నా అనుభవం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విడాకులై ఏడాదిన్నర అయింది, ఒక్కరే ఉంటున్నారు, రాత్రిళ్లు సరిగా నిద్ర పట్టడం లేదు. పడకగదిలో నైరుతి మూల బాతుల జంట, రోజ్ క్వార్ట్జ్ అనే గులాబీ రంగు రాయి, రాధాకృష్ణుల పటం పెడితే జీవితంలోకి మళ్లీ ప్రేమ వస్తుందని ఎవరో చెప్పారు. అది నిజమేనా, ఒక్కొక్కరు ఒక్కో మూల చెబుతుంటే ఏది నమ్మాలి, పాత పెళ్లి ఫొటోలు ఏం చేయాలి అని అడిగారు. ఈ దారిలోనే నేను నాలుగేళ్లు నడిచాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

బొమ్మ పెట్టినంత మాత్రాన మనిషి రాడు. కానీ మనం పడుకునే గది, అందులో రోజూ కంటపడే పటం మన మీద పనిచేస్తాయి. ఆ పని నిద్రలో తెలుస్తుంది, మాట తీరులో తెలుస్తుంది, ఎదుటి మనిషిని దగ్గరికి రానిచ్చే పద్ధతిలో తెలుస్తుంది. నాకు జరిగిన మేలంతా అటు నుంచే జరిగింది.

విడిపోయాక నేను మారిన ఇంట్లో నా మంచం ఒక పక్క గోడకు ఆనుకుని ఉండేది. రెండో పక్క లాప్‌టాప్, ఛార్జర్లు, మడతపెట్టని బట్టలు, సగం చదివి వదిలేసిన పుస్తకాలు. మన వాస్తు లాంటి చైనా విద్య ఫెంగ్‌షుయ్ నేర్చుకున్న నా స్నేహితురాలు ఒకసారి వచ్చి, పడకగది గుమ్మంలో నిలబడి, "ఈ మంచం మీదికి ఇంకో మనిషి రావాలంటే ఎటు నుంచి రావాలి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తర్వాత గోడల వైపు చూపించింది. ఒడ్డున కట్టేసిన ఖాళీ పడవ ఒకటి, కిటికీ దగ్గర మనకు వీపు పెట్టి నిలబడ్డ అమ్మాయి ఒకటి, ఆకుల్లేని చెట్టు ఒకటి. మూడూ నేను ఇష్టపడి, ఏరి కొనుక్కున్నవే. వాటిని ఎందుకు ఏరుకున్నానో అప్పటిదాకా ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆ రోజు తను చెప్పినంత వరకు చేసి ఊరుకుంటే బాగుండేది. మంచం జరిపి రెండు పక్కలా నడిచే చోటు వదలమంది, రెండు పక్కలా చిన్న దీపాలు పెట్టమంది, పటాలు మార్చమంది. నేను మాత్రం ఆ ఉత్సాహంలో ఇంటర్నెట్ అంతా వెతికి, బాతులు, గులాబీ రంగు రాయి, ఎర్ర గుడ్డ, రెండు కొవ్వొత్తులు, పియోనీ పూల బొమ్మ అన్నీ తెచ్చి ఒక మూల పేర్చాను. రోజూ పొద్దున్నే లేచి ఆ మూల వైపు చూడటం, "ఇంకా ఏమీ కాలేదే" అనుకోవడం. రెండు నెలలకు ఆ మూల చూస్తేనే టెన్షన్ వచ్చేది. ప్రేమ కోసం పెట్టుకున్నవి రోజూ నన్ను నిలదీస్తున్నట్టు ఉండేవి. ఒక రాత్రి అన్నీ తీసి అట్టపెట్టెలో పెట్టేశాను, ఆ రాత్రే కాస్త నిద్ర పట్టింది. మీరు మొదలుపెట్టకముందే ఈ మాట చెప్పాలనిపించింది.

ఇప్పుడు మూలల గందరగోళం. ఫెంగ్‌షుయ్ అంటే చైనా భాషలో గాలి, నీరు. పాతకాలంలో దీన్ని సమాధులకు చోటు ఎంచడానికీ వాడేవారు. సామాన్యశకం 276 నుంచి 324 వరకు జీవించిన గ్వో పూ పేరుతో చెప్పుకునే పాత గ్రంథంలో, చీ అనే ప్రాణశక్తి గాలి మీద ఎక్కితే చెదిరిపోతుంది, నీటి దగ్గర ఆగుతుంది అని ఉంటుంది. తర్వాతి కాలంలో లువోపాన్ అనే దిక్సూచితో దిక్కులు లెక్కకట్టే పద్ధతి బలపడింది. అందులో నైరుతికి కున్ అనే గుర్తు. నడుమ విరిగిన మూడు గీతలు. దాని అర్థం భూమి, తల్లి, స్వీకరించే గుణం. దాంపత్యాన్ని నైరుతికి ముడిపెట్టడం ఇక్కడి నుంచే వచ్చింది. అగ్ని నుంచి భూమి పుడుతుందని వాళ్ల పంచభూతాల లెక్క, అందుకే అక్కడ ఎరుపు, గులాబీ రంగులు, దీపాలు పెట్టమంటారు.

ఇంకో పద్ధతి ఉంది. లిన్ యున్ అనే గురువు 1980లలో అమెరికాలో ప్రచారం చేసినది. అందులో దిక్సూచి ఉండదు. గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తే కుడి చేతి వైపు చివరి మూల ప్రేమకు సంబంధించినది. మీకు ఇద్దరు రెండు మూలలు చెప్పారంటే ఒకరు దిక్సూచి పద్ధతి, ఇంకొకరు గుమ్మం పద్ధతి చెప్పి ఉంటారు. ఇవి కాక పుట్టిన సంవత్సరాన్ని బట్టి చూసే 'పీచ్ పూల' లెక్క వేరే ఉంది, చైనావాళ్ల లెక్కలో ఏడాదికో జంతువు పేరు ఉంటుంది. ఎలుక, డ్రాగన్, కోతి సంవత్సరాల వాళ్లకు పడమర, పులి, గుర్రం, కుక్క సంవత్సరాల వాళ్లకు తూర్పు, పాము, కోడి, ఎద్దు వాళ్లకు దక్షిణం, పంది, కుందేలు, మేక వాళ్లకు ఉత్తరం. ఇన్ని చూశాక నాకు ఒకటే అనిపించింది. ఒక పద్ధతి పట్టుకుని దానితోనే ఉండాలి, మూడింటినీ కలిపితే ఇంట్లో ఖాళీ మూల మిగలదు. మన వాస్తులో కూడా నైరుతి పృథ్వీ స్థానమే, అక్కడే యజమాని పడకగది ఉండాలంటారు. ఎక్కడో పుట్టిన రెండు విద్యలు ఆ దిక్కును నేలకే ఇచ్చాయి. నేను నైరుతినే ఉంచుకోవడానికి అదొక కారణం.

మూల కంటే మంచం ముఖ్యం. తల వైపు గట్టి గోడ ఉండాలి. పడుకుని చూస్తే తలుపు కనపడాలి, కానీ కాళ్లు నేరుగా తలుపుకు ఎదురుగా ఉండకూడదు. ఎవరు వస్తున్నారో కనిపిస్తే ఒళ్లు సడలుతుంది, దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు. మంచం ఎదురుగా అద్దం ఉంటే రాత్రి కదలికలకు ఉలిక్కిపడతాం, కాబట్టి తీసేయండి, తీయలేకపోతే పడుకునే ముందు గుడ్డ కప్పండి. కిటికీలోంచి చెట్టు కనపడేలా ఉంటే ఆ చూపును బీరువాతో మూసేయకండి. రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ అయ్యాక కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు, ఇటుక గోడ కనిపించినవాళ్ల కంటే తక్కువ రోజుల్లో ఆస్పత్రి నుంచి వెళ్లారు, ఘాటైన నొప్పి మందులూ తక్కువ వాడారు. ఒంటికి తగిలిన దెబ్బకే చూపు అంత సాయం చేస్తే, మనసుకు తగిలినదానికి చేయదా అనిపిస్తుంది నాకు.

ఇక పటాల సంగతి. నన్ను నిజంగా మార్చింది ఇదే.

ఆ అట్టపెట్టె కట్టేసిన కొన్ని రోజులకు మా పిన్ని ఫోన్ చేసింది. నిద్ర పట్టడం లేదని చెబితే, "శ్రీచక్రం గీయి, ఫోన్ పక్కగదిలో పెట్టి గీయి" అంది. పూజలో పెట్టే శ్రీచక్రానికి గురూపదేశం, నియమాలు వేరు. నేను గీసింది మామూలు కాగితం మీద, పెన్సిల్‌తో, చూపు ఒకచోట నిలవడానికి. పైకి చూసే త్రిభుజాలు నాలుగు, అవి శివుడు. కిందికి చూసేవి ఐదు, అవి శక్తి. సౌందర్యలహరి 11వ శ్లోకంలో ఈ లెక్క ఉంది. ఈ తొమ్మిదీ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతే లోపల 43 చిన్న త్రిభుజాలు ఏర్పడతాయి. చుట్టూ ఎనిమిది రేకులు, ఆ పైన పదహారు రేకులు. వినడానికి తేలికే. గీయబోతే తెలుస్తుంది. మూడేసి గీతలు ఒకే బిందువు దగ్గర కలవాల్సిన చోట్లు 18 ఉన్నాయి, వాటిని మర్మస్థానాలు అంటారు. ఒకచోట వెంట్రుకవాసి తేడా వచ్చి దాన్ని సరిచేస్తే, ఇంకో మూడు చోట్ల గీతలు కదిలిపోతాయి. రోజూ రాత్రి అరగంట కూర్చుంటే పదకొండో కాగితానికి గానీ అన్నీ కలవలేదు.

ఆ వారాల్లో నాకు ఒకటి తట్టింది. ఏ త్రిభుజమూ ఇంకోదాన్ని చెరపదు. ఒకదానిలోంచి ఒకటి దాటిపోతుంది, దాటిన చోట కొత్త ఆకారం పుడుతుంది. నా పెళ్లిలో నేను ప్రేమంటే పూర్తిగా కలిసిపోవడం అనుకున్నాను. ఆయన ఇష్టాలే నా ఇష్టాలు, ఆయన స్నేహితులే నా స్నేహితులు. చివరికి నా గీత ఏదో నాకే కనపడలేదు. ఈ మాట ఎవరైనా నోటితో చెప్పి ఉంటే కోపం వచ్చేది. చెరిపి, మళ్లీ గీసి, మళ్లీ చెరిపిన చేతికి మాత్రం అది అర్థమైంది.

నిద్ర ఎందుకు కుదురుకుందో తర్వాత కొంత తెలిసింది. 2005లో నాన్సీ కరీ, టిమ్ కాసర్ అనే ఇద్దరు 84 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, మండలం అనే గుండ్రటి డిజైన్‌కు రంగులు వేసినవాళ్ల ఆందోళన ఖాళీ కాగితం ఇచ్చినవాళ్ల కంటే బాగా తగ్గింది. గళ్ల డిజైన్‌కు రంగులు వేసినవాళ్లకూ అలాగే తగ్గింది. అంటే ఒక క్రమం ఉన్న ఆకారం చేతికి దొరికితే మనసు దాన్ని పట్టుకుని నిలబడుతుంది. మీకు శ్రీచక్రం మీద మనసు లేకపోతే బలవంతం చేసుకోకండి, క్రమం ఉన్న ఏ ఆకారమైనా రాత్రికి సాయం చేస్తుంది. భక్తి ఉన్నవాళ్లకు దానితోపాటు ఇంకొకటి కూడా అందుతుంది, అది నేను అనుభవించాను.

లలితా సహస్రనామంలో "మనోరూపేక్షుకోదండా, పంచతన్మాత్రసాయకా" అని రెండు నామాలు ఉన్నాయి. అమ్మవారి చేతిలో చెరకు విల్లు మన మనసే. ఐదు బాణాలు శబ్దం, స్పర్శ, రూపం, రసం, గంధం. మన్మథుడి చేతిలోనూ చెరకు విల్లు, పూల బాణాలే. చిన్నప్పటి నుంచి విన్న నామాలే అయినా, పడకగది సర్దుతున్న రోజుల్లో కొత్తగా వినిపించాయి. ప్రేమ తగిలేది ఇంద్రియాల ద్వారానే అయితే, నా గదిలో వాటికి నేనేం పెడుతున్నాను? చెవికి అర్ధరాత్రి దాకా ఫోన్ నోటిఫికేషన్లు. ముక్కుకు ఎప్పుడూ తెరవని బీరువాలోంచి ముక్కిపోయిన వాసన. ఒంటికి పాత ఇంటి నుంచి తెచ్చుకున్న, గరుకెక్కిన దుప్పట్లు. కంటికి ఆ ఖాళీ పడవ. మొదట బీరువా ఎండకు తెరిచాను. దుప్పట్లు మార్చాను. ఫోన్ బయటికి పోయింది. ఇవన్నీ అయ్యాకే గోడ మీదికి ఒక పటం వచ్చింది, అర్ధనారీశ్వరుడిది. మంచం మీద కూర్చుంటే కళ్లకు ఎదురుగా, మూలకు కాదు.

మీ రాధాకృష్ణుల పటం గురించి. వాళ్లకు పెళ్లి కాలేదు కాబట్టి పెట్టకూడదు, శివపార్వతులనే పెట్టాలి అని కొందరు భయపెడతారు. ఆ భయం మీకొద్దు. చూడగానే మీ మనసు ఎటు వెళుతుందో ఆ పటం పెట్టుకోండి, కానీ ఒక్కటే పెట్టండి, దాని ముందు రోజూ రెండు నిమిషాలైనా కూర్చోండి. టిబెట్‌లో గుడ్డ మీద దేవతల పటాలు వేసే థంకా చిత్రకారులు దేవతకు కళ్లు అన్నిటికంటే చివర దిద్దుతారు. వెనక వైపు నుదురు, గొంతు, గుండె ఉన్న చోట ఓం, ఆః, హూం అక్షరాలు రాస్తారు. అంత శ్రద్ధతో చేసినదాన్ని షోపీసులా వదిలేస్తే మనకే నష్టం. అదే సంప్రదాయంలో ఎర్రని కురుకుల్లా దేవత ఉంది, ఆమె చేతిలోనూ పూల విల్లు, పూల బాణం. ఫలానా మనిషిని మన వైపు లాగుతుందని ఆమె బొమ్మలు కొనమని సలహా ఇస్తుంటారు. దీక్షతో చేయాల్సిన ఉపాసన అది. పైగా ఒకరి ఇష్టంతో పనిలేకుండా లాగాలనుకోవడం ప్రేమలోకి రాదు. దాని జోలికి వెళ్లకండి. బాతులు ముచ్చటగా అనిపిస్తే ఉంచుకోండి, చైనాలో అవి దంపతులకు గుర్తు. రోజ్ క్వార్ట్జ్ ఈమధ్య క్రిస్టల్ పద్ధతుల్లోంచి వచ్చి చేరింది, లేకపోయినా లోటు లేదు.

ఒక్క విషయం మాత్రం పటాలకు వదలకండి. నిద్ర లేకపోవడం వారాల తరబడి సాగుతున్నా, తిండి సహించకపోయినా, బతుకు మీద విసుగు పుడుతున్నా డాక్టర్ని కలవండి. నేనూ కొన్ని నెలలు కౌన్సెలింగ్‌కు వెళ్లాను. శ్రీచక్రం, కౌన్సెలింగ్ రెండూ ఒకే వారంలో నడిచాయి, ఒకదానికి ఒకటి అడ్డం రాలేదు.

నా జీవితంలోకి మళ్లీ ఒక మనిషి వచ్చారు, ఇది జరిగిన రెండేళ్లకు. గది వల్లే వచ్చారని నేను చెప్పను. వచ్చినప్పుడు మాత్రం నాలో తలుపు మూసి లేదు.

పెళ్లి ఫొటోలు చించకండి, కాల్చకండి. కోపంలో చేసిన ఆ పని తర్వాత చాలాకాలం గుర్తుండిపోతుంది, నేను కొన్ని చించి బాధపడ్డాను. పడకగదిలోంచి మాత్రం తీసేయండి, మంచం కింద కూడా పెట్టకండి. ఒక కవరులో వేసి, మీద తేదీ రాసి, పడకగది కాని ఏ గదిలోనైనా పై అరలో పెట్టండి. ఒక్కరే చేయలేకపోతే మీకు దగ్గరైనవాళ్లను ఎవరినైనా పిలిచి పక్కన కూర్చోమనండి. నాకు మా పిన్ని కూర్చుంది. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి ఒక్కో ఫొటో చూసి, కాసేపు ఏడ్చి, కవరు అంటించాం.