నోట్రడామ్ తగలబడినప్పుడు జనం ఎలా స్పందించారు?

2019 ఏప్రిల్ 15 సాయంత్రం పారిస్‌లోని నోట్రడామ్ కెథడ్రల్ పైకప్పు తగలబడుతుంటే, సెయిన్ నది ఒడ్డున జనం మోకరిల్లి మరియమాత కీర్తనలు పాడారు. శిఖరం విరిగి మంటల్లో కూలగానే గుంపంతా హాహాకారాలు చేసింది. దేవుణ్ణి నమ్మనివారూ కంటతడి పెట్టారు. సుమారు 850 ఏళ్లుగా నగరం నడిబొడ్డున నిలిచిన కట్టడం మరి!

కోపం ఆ తర్వాత వచ్చింది. కెథడ్రల్ పునర్నిర్మాణానికి ఫ్రాన్స్ కుబేరులైన పినో కుటుంబం 10 కోట్ల యూరోలు, ఆర్నో కుటుంబం 20 కోట్లు ప్రకటించగానే, పేదల విషయంలో ఈ ఔదార్యం ఏమైపోతుందని జీవన వ్యయం, అసమానతలపై ఫ్రాన్స్‌లో నిరసనలు చేస్తున్న ఎల్లో వెస్ట్ ఉద్యమకారులు నిలదీశారు. అది న్యాయమైన ప్రశ్నే. అమెరికాలోని లూసియానాలో కొద్దిరోజుల ముందే దుండగుడు తగలబెట్టిన మూడు నల్లజాతీయుల చర్చిలను కొందరు గుర్తుచేయడంతో, వాటికీ విరాళాలు 20 లక్షల డాలర్లు దాటాయి.