యాక్సిడెంటైతే డిపాజిట్ కట్టాల్సిందేనా?

ప్రశ్న: హైవే మీద మా తమ్ముని బైకును లారీ గుద్దింది. హన్మకొండలో ఓ ప్రైవేటు ఆస్పత్రి యాభై వేలు కడితేనే చేర్చుకుంటామన్నది. సర్కారు లక్షన్నర ఇస్తదంటున్నరు, నిజమేనా? – ఒక పాఠకుడు, ములుగు

జవాబు: నిజమే, కానీ డబ్బు మీ చేతికి రాదు. 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర నగదు రహిత పథకం కింద, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, మనిషికి 1.5 లక్షల రూపాయల దాకా నేరుగా ఆస్పత్రికే చెల్లిస్తారు. గుద్దిన బండికి ఇన్సూరెన్స్ ఉంటే అది బీమా కంపెనీల సొమ్ము. లేకపోయినా, గుద్ది పారిపోయినా సర్కారు సొమ్ము.

చిక్కంతా పోలీసుల దగ్గరే. అది రోడ్డు ప్రమాదమేనని స్టేషన్ వాళ్లు ఆన్‌లైన్‌లో నిర్ధారించాలి. అందుకే వెంటనే 112కు ఫోన్ చేయండి, ఆస్పత్రిలో మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసుగా రాయించండి. కంగారులో ఎవరో ‘జారిపడ్డడు’ అన్నది కేస్ షీట్‌లోకి ఎక్కితే క్లెయిమ్‌కు అదే అడ్డం పడుతుంది. పథకంలో లేని ఆస్పత్రి అయితే ప్రాణాపాయం తప్పించే వైద్యం వరకే డబ్బొస్తుంది. తలకు దెబ్బ తగిలితే సీటీ స్కాన్ ఉందా అనొక్కటే కాదు, న్యూరో సర్జన్ ఇప్పుడున్నారా అనీ అడగండి. బోర్డు మీద ‘ట్రామా’ (ప్రమాద గాయాల చికిత్స) అని రాసుకోవడం తేలికే.

డిపాజిట్ మాటకొస్తే, మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డాక్టరు లాంఛనాల కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టాలి. కాదంటే జిల్లా వైద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. లక్షన్నర దాటితే, అర్హత ఉన్నవాళ్లు ఆరోగ్యశ్రీ డెస్క్‌లో అడగవచ్చు.