నాన్నని మంచం దిగనివ్వాలా వద్దా?

ప్రశ్న: మా నాన్నకి 66 ఏళ్లు. ఏడు నెలల కింద పక్షవాతం వచ్చి ఎడమ కాలు, చెయ్యి పడిపోయాయి, ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నారు. పోయిన నెల రెండుసార్లు పడ్డారు, రెండుసార్లూ బాత్రూం దగ్గరే, వెనక్కి తిరగబోయి. అప్పట్నించి అమ్మ మంచం దిగనివ్వట్లేదు. బ్యాలెన్స్‌కి ఏవైనా ఎక్సర్‌సైజులు చెప్తారా?
– ఒక కూతురు, ఖమ్మం

జవాబు: అమ్మ భయపడటంలో తప్పులేదు తల్లీ, కానీ మంచం మీదే ఉంచితే ఉన్న బలం కూడా పోయి లేచిన రోజు ఇంకా తొందరగా పడతారు. నాన్న నిలబడ్డప్పుడు వెనకనించి ఒకసారి చూడండి, బరువంతా కుడికాలి మీదే వేసి ఎడమకాలు ఊరికే ఆనించి ఉంటారు, పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామంది అంతే. తిరిగేటప్పుడు ఒక్క క్షణం ఆ ఎడమకాలే మోయాలి, అలవాటు లేదు కాబట్టి మోయలేదు.

అందుకే కూర్చుని లేవడంతో మొదలుపెట్టండి. కుర్చీ గోడకి ఆనించి, ఎడమ పాదాన్ని కుడిదానికన్నా కాస్త వెనక్కి పెట్టి, బాగా ముందుకి వంగి లేవమనండి, అప్పుడు ఎడమకాలు పని చెయ్యక తప్పదు. మొదట అయిదుసార్లు, మెల్లగా పదికి, పూటకోసారి. కష్టమైతే దుప్పటి మడతపెట్టి కుర్చీ ఎత్తు పెంచండి. తర్వాత వంటింటి గట్టు పట్టుకుని బరువు ఆ కాలి మీదకి, ఈ కాలి మీదకి మార్చడం, పక్కకి అడుగులెయ్యడం. తిరగడం కూడా నేర్పాలి, గిరుక్కున కాదు, చిన్నచిన్న అడుగులతో గుండ్రంగా. ఇవన్నీ ఒకసారి ఫిజియోథెరపిస్ట్ చూసి ఓకే అన్నాకే.

పక్కన మనిషి ఎడమవైపు, కొంచెం వెనకగా, నడుముకి కట్టిన బెల్టు పట్టుకుని ఉండాలి. ఎడమ చెయ్యి పట్టి మాత్రం లాగొద్దు, భుజం జారుతుంది. కర్ర కుడిచేతిలోనే. నడుస్తుంటే వెనకనించి "కాఫీ తాగుతావా" అని పిలవకండి, జవాబు చెప్పబోయి తూలతారు!

హవాయి చెప్పులు మాన్పించి వెనక పట్టీ ఉన్నవి కొనండి. కాలి వేళ్లు గడపకి తగులుతుంటే కాలికి స్ప్లింట్ (పాదం కిందకి వాలకుండా పట్టి ఉంచే పట్టీ) అవసరమేమో అడగండి. బాత్రూంలో గోడకి గట్టి స్టీలు రాడ్ బిగించండి, టవల్ రాడ్ పట్టుకుంటే అదే ఊడొస్తుంది. రాత్రి లేస్తే నిమిషంసేపు మంచం అంచున కూర్చోవాలి, కళ్లు తిరుగుతున్నాయంటే పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూపించండి. రక్తం పలచబడే మందులు వాడుతూ పడి తలకి దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనపడకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.