విదేశాలకు పెంపుడు జంతువులు: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుల సమాధానాలు

ప్రశ్న: మా వారికి జర్మనీలోని మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది. రెండు నెలల్లో చేరాలి. మూడేళ్ల క్రితం వీధిలో దొరికిన కుక్కపిల్లను పెంచుకుంటున్నాము. ఇప్పుడు దాని బరువు 16 కిలోలు. ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నాము కానీ గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్ పెట్టించలేదు. పది రోజుల్లో కాగితాలన్నీ చేయించి పంపిస్తామని ఒక ఏజెంటు అంటున్నారు. నమ్మవచ్చునా? దానిని వదిలి వెళ్లే ఉద్దేశం మాకు లేదు.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

సమాధానం: నమ్మవద్దు. మీ కుక్కకు ఈరోజు చిప్ పెట్టించినా, చట్టప్రకారం అది ఐరోపా సమాఖ్యలో అడుగుపెట్టడానికి నాలుగు నెలలకు పైగా పడుతుంది. ఏజెంటు చెప్పిన పది రోజులు, బహుశా, చివర్లో తీసుకునే ఆరోగ్య ధ్రువపత్రానికి సంబంధించినవై ఉంటాయి. ఆ పత్రం జారీ అయిన తేదీ నుంచి పది రోజుల లోపల కుక్క ఐరోపా సరిహద్దు చేరుకోవాలి. అంతే తప్ప, పది రోజుల్లో మొత్తం పని ముగుస్తుందని దాని అర్థం కాదు.

రేబిస్ విషయంలో ఐరోపా సమాఖ్య ప్రకటించిన సురక్షిత దేశాల జాబితాలో భారతదేశం లేదు. కాబట్టి ఇక్కడి నుంచి వెళ్లే కుక్కకు ముందుగా 15 అంకెల మైక్రోచిప్ ఉండాలి. అది అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) 11784, 11785 ప్రమాణాలకు సరిపోయేదై ఉండాలి. చిప్ పెట్టిన రోజున గానీ ఆ తరువాత గానీ వేసిన రేబిస్ టీకా మాత్రమే లెక్కలోకి వస్తుంది. మీరు మూడేళ్లుగా శ్రద్ధగా వేయించిన టీకాలు కుక్క ఆరోగ్యాన్ని కాపాడాయి, సందేహం లేదు. అయితే ఆ టీకాలు వేయించుకున్నది ఈ కుక్కేనని రుజువు చేసే చిప్ అప్పుడు లేదు గనుక, ప్రయాణం లెక్కలో అవి చెల్లవు. చిప్ పెట్టించి మళ్లీ టీకా వేయించండి. ఆ టీకా వేసిన తరువాత కనీసం 30 రోజులు గడిచాక రక్తం తీసి, ఐరోపా సమాఖ్య గుర్తించిన ప్రయోగశాలకు పంపాలి. రేబిస్ ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) మిల్లీలీటరుకు 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) గానీ అంతకు మించి గానీ ఉన్నట్లు ఫలితం రావాలి. ఫలితం ఎంత బాగా వచ్చినా, రక్తం తీసిన తేదీ నుంచి మూడు నెలలు ఆగవలసిందే. ఉదాహరణకు జూన్ 1న చిప్, టీకా పూర్తయితే జులై 1న రక్తం తీయవచ్చు, అక్టోబరు 1 తరువాతనే ప్రయాణం. ఈ మూడు నెలలను నివేదిక చేతికి వచ్చిన రోజు నుంచి లెక్కించుకుని టిక్కెట్లు మార్చుకున్నవారు కూడా ఉన్నారు. అది అనవసరమైన ఖర్చు.

టీకా కార్డును ఒకసారి దగ్గర పెట్టుకుని చూడండి. చాలా క్లినిక్కుల్లో తేదీ వేసి, ముద్ర కొట్టి, సంతకం చేసి ఇస్తారు. ప్రయాణానికి అది చాలదు. టీకా సీసా మీది చిన్న లేబుల్‌ను కార్డులో అంటించమని అడగండి. టీకా పేరు, తయారీదారు, బ్యాచ్ సంఖ్య అందులో ఉంటాయి. దాని పక్కనే టీకా ఎప్పటి వరకు చెల్లుతుందో, చిప్ సంఖ్య ఎంతో స్పష్టంగా రాయించండి. రక్తం తీసే రోజున డాక్టరు గారు మీ ఎదుటే స్కానరుతో చిప్ చదివి, ఆ సంఖ్యను నమూనా ఫారంలోకి ఎక్కించాలి. కార్డులో, ప్రయోగశాల నివేదికలో, ఆరోగ్య ధ్రువపత్రంలో ఆ 15 అంకెలూ ఒకే విధంగా లేకపోతే సరిహద్దు అధికారి దృష్టిలో అవి వేర్వేరు కుక్కల కాగితాలే. ఇంకొక మాట. తరువాతి బూస్టర్ టీకాను గడువు దాటకుండా వేయిస్తూ ఉంటే ఈ రక్తపరీక్ష కుక్క జీవితాంతం చెల్లుతుంది. గడువు ఒక్క రోజు దాటినా కథ మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక అసలు చిక్కు. మీ వారు రెండు నెలల్లో బయలుదేరుతారు, కుక్క మాత్రం అప్పటికి సిద్ధం కాదు. వ్యాపారేతర ప్రయాణంగా, అంటే అమ్మకానికి కాక సొంత పెంపుడు జంతువుగా తీసుకువెళ్తున్నట్లు పరిగణించాలంటే యజమాని ప్రయాణానికీ జంతువు ప్రయాణానికీ మధ్య ఐదు రోజులకు మించి తేడా ఉండకూడదు. యజమాని రాతపూర్వకంగా అధికారమిచ్చిన వ్యక్తి కుక్కను తీసుకువెళ్లినా ఈ నియమం మారదు. కాబట్టి నా సలహా ఏమిటంటే, మీ వారు ముందుగా వెళ్లి ఉద్యోగంలో చేరి, కుక్కను అనుమతించే ఇల్లు చూసుకోవాలి. మీరు ఇక్కడే ఉండి ఈ నాలుగు నెలల క్రమం పూర్తి చేసి, కుక్కతో కలిసి బయలుదేరండి. చిప్ నమోదు మొదలుకొని అన్ని కాగితాల్లోనూ యజమానిగా మీ పేరే ఉండాలి. అలవాటు కొద్దీ మీ వారి పేరు రాయిస్తే, చివర్లో ఐదు రోజుల నియమం అడ్డుపడుతుంది. మీరు కూడా వెంటనే వెళ్లక తప్పదంటే కుక్కను బంధువుల వద్ద ఉంచి, సమయానికి మీరే వచ్చి తీసుకువెళ్లండి. వాణిజ్య రవాణాగా పంపే మార్గం ఉంది గానీ దాని నియమాలు వేరు, ఖర్చు కూడా ఎక్కువ.

ప్రయాణానికి ముందు వారంలో కేంద్ర పశుసంవర్ధక శాఖ పరిధిలోని జంతు క్వారంటైన్, ధ్రువీకరణ సేవల కేంద్రానికి కుక్కను స్వయంగా తీసుకువెళ్లాలి. ఈ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉండటం మీకు కలిసివచ్చే విషయం. ఐరోపా నమూనాలో ఉండే ధ్రువపత్రం మీద ప్రభుత్వ పశువైద్యాధికారి సంతకం, ముద్ర ఉండాలి. ప్రైవేటు డాక్టరు సంతకం ఒక్కటే సరిపోదు. ఆ పత్రం నమూనాను ముందుగానే తీసుకువెళ్లి చూపించి, ఏమేమి జతచేయాలో అడిగి తెలుసుకోండి.

16 కిలోల కుక్కను క్యాబిన్‌లోకి అనుమతించరు. ఉదాహరణకు లుఫ్తాన్సా క్యాబిన్ పరిమితి సంచితో కలిపి 8 కిలోలు. అందువల్ల మీ కుక్క విమానం కింది భాగంలో, గాలి పీడనం, ఉష్ణోగ్రత నియంత్రించిన గదిలో పెట్టెలో ప్రయాణిస్తుంది. పెట్టె కొలతను దుకాణంవారి అంచనాకు వదిలేయకండి. కుక్కను నిలబెట్టి ముక్కు కొన నుంచి తోక మొదలు వరకు టేపుతో కొలవండి. దానికి నేల నుంచి ముందు కాలి మోచేయి వరకు ఉన్న ఎత్తులో సగం కలిపితే పెట్టె లోపలి పొడవు వస్తుంది. మొదటి కొలత 70 సెంటీమీటర్లు, రెండవది 30 అయితే పొడవు 85 సెంటీమీటర్లు ఉండాలి. వెడల్పు భుజాల వెడల్పుకు రెండింతలు. ఎత్తును తల, చెవుల్లో ఏది పైకి ఉంటే అక్కడి వరకు కొలవాలి. పై మూతను ప్లాస్టిక్ క్లిప్పులతో కాక ఇనుప బోల్టులతో బిగించండి. చెక్-ఇన్ వద్ద పెట్టె చిన్నదని తేలితే కుక్కను ఎక్కించుకోరు.

మూడు నెలల నిరీక్షణ వృథా కాదు. ఆ పెట్టెను ఈరోజే కొని, తలుపు తీసేసి హాల్లో పెట్టి, అన్నం అందులోనే పెట్టండి. కొన్ని వారాల్లో కుక్క తనంతట తానే అందులో పడుకోవడం మొదలుపెడుతుంది. తరువాత తలుపు బిగించి, ముందు కొద్ది నిమిషాలు, ఆపైన గంటలు మూసి ఉంచండి. ప్రయాణం రోజున మత్తుమందు ఇవ్వమని నన్ను చాలామంది అడుగుతారు. నేను ఇవ్వను. మత్తులో ఉన్న జంతువుకు రక్తపోటు పడిపోవచ్చు, శ్వాస మందగించవచ్చు, అప్పుడు పక్కన చూసేవారు ఎవరూ ఉండరు. అందువల్లనే మత్తు ఇచ్చిన జంతువులను విమాన సంస్థలు సాధారణంగా నిరాకరిస్తాయి.

మ్యూనిక్ చేరాక నగరపాలక సంస్థకు కుక్క పన్ను కట్టాలి. జర్మనీలో అది మామూలే. పిట్ బుల్, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్, స్టాఫర్డ్‌షైర్ బుల్ టెర్రియర్, బుల్ టెర్రియర్ జాతుల దిగుమతిపై అక్కడ నిషేధం ఉంది. మీ దేశవాళీ కుక్కకు ఆ ఇబ్బంది లేదు.

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. పురిటికి సాయంగా మేమిద్దరం ఆరు నెలలు వెళ్తున్నాము. మా పగ్‌కు పదకొండేళ్లు. మమ్మల్ని విడిచి ఒక్క పూట కూడా ఉండదు. వెంట తీసుకువెళ్లాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: విధానం చెబుతాను గానీ, మీరు అడగని సలహా కూడా ఒకటి ఇస్తాను.

2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలో అమలవుతున్న నిబంధనల ప్రకారం ఆ దేశానికి వెళ్లే కుక్కకు ఆరు నెలల వయసు నిండి ఉండాలి, మైక్రోచిప్ ఉండాలి. కుక్కల రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో భారత్ ఉంది. కాబట్టి చిప్ తరువాత వేసిన టీకాను ధ్రువీకరించే ప్రత్యేక పత్రాన్ని ప్రభుత్వ పశువైద్యాధికారి ఆమోదంతో తీసుకోవాలి. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ నమోదు చేసిన జంతు సంరక్షణ కేంద్రంలో ముందుగా చోటు ఖాయం చేసుకోవాలి. దిగగానే అక్కడ పరీక్ష చేసి మళ్లీ టీకా వేస్తారు. గుర్తింపు పొందిన ప్రయోగశాల రక్తపరీక్ష నివేదిక లేకపోతే 28 రోజులు మీ ఖర్చుతో కుక్కను అక్కడే ఉంచాలి. ఇటువంటి కుక్కలు అట్లాంటా, లాస్ ఏంజెలిస్, మయామీ, న్యూయార్క్ జేఎఫ్‌కే, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయాల్లోనే దిగాలి. న్యూవార్క్ మీ అమ్మాయి ఇంటికి దగ్గరే కావచ్చు, కానీ అక్కడ దిగే వీలు లేదు.

ఇక సలహా. తీసుకువెళ్లవద్దు. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతుల శ్వాసమార్గం పుట్టుకతోనే ఇరుకు. వేడికీ ఆందోళనకూ అవి రొప్పుతాయి, రొప్పే కొద్దీ గొంతు లోపల వాచి గాలి ఇంకా తగ్గుతుంది. అందుకే పలు విమాన సంస్థలు వాటిని కింది భాగంలో ఎక్కించుకోవడం మానేశాయి. పదకొండేళ్ల వయసులో, మధ్యలో విమానం మారుతూ, ఆరు నెలల కోసం వెళ్లి మళ్లీ రావడాన్ని అది తట్టుకోగలదని నేను అనుకోను. పైగా తిరుగు ప్రయాణంలో భారత క్వారంటైన్ అనుమతి కోసం మీరు ఇంకొక దఫా కాగితాలు సిద్ధం చేయాలి. దానికి పరిచయమున్న బంధువును మీ ఇంటికే రమ్మని, మీరు బయలుదేరడానికి ముందే కొన్ని వారాలు కలిసి ఉండేలా చూడండి. చోటు మారని కుక్క మనుషులు మారినా త్వరగా సర్దుకుంటుంది. గుండె, దంతాల పరీక్ష చేయించి, అత్యవసరమైతే ఎంత ఖర్చు వరకు చికిత్స చేయించవచ్చో రాసి ఆ బంధువు చేతికి ఇచ్చి వెళ్లండి.

ప్రశ్న: లండన్‌లో చదువుకు వెళ్తున్నాను. నా పిల్లిని ఒడిలో పెట్టుకుని విమానంలో తీసుకువెళ్లవచ్చునా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: వీలుపడదు. బ్రిటన్‌కు విమానంలో వచ్చే పిల్లులు, కుక్కలు కార్గోగానే రావాలి. దివ్యాంగులకు తోడుండే శిక్షణ పొందిన కుక్కలకు మాత్రమే మినహాయింపు. చిప్, ఆ తరువాత టీకా, 30 రోజులకు రక్తపరీక్ష, అక్కడి నుంచి మూడు నెలలు అన్న క్రమం బ్రిటన్‌కూ వర్తిస్తుంది. బద్దెపురుగు మందు ప్రవేశానికి 24 నుంచి 120 గంటల ముందు వేయించాలన్న నిబంధన కుక్కలకే, పిల్లులకు లేదు. కొందరు ప్యారిస్ వరకు క్యాబిన్‌లో తీసుకువెళ్లి, అక్కడి నుంచి కారులో వెళ్లి, ఇంగ్లిష్ ఛానెల్ కింది సొరంగ మార్గంలో కార్లను మోసుకెళ్లే షటిల్ రైలు ఎక్కుతారు. ఆ దారిలో వెళ్తే ఐరోపా కాగితాలు, బ్రిటన్ కాగితాలు రెండూ కావాలి. యూరోస్టార్ ప్రయాణికుల రైలులో పెంపుడు జంతువులను అనుమతించరు. వీటన్నింటికంటే ముందు, మీ వసతి ఒప్పందంలో పిల్లికి అనుమతి ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారు పెంచుకుంటున్న రామచిలుకను మాతోపాటు దుబాయ్ తీసుకువెళ్లడానికి ఏ కాగితాలు కావాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: అటువంటి కాగితం ఏదీ దొరకదు. రామచిలుక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన పక్షి. దానిని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. నక్షత్ర తాబేలు విషయమూ అంతే. చేతి తిండికి అలవాటు పడిన చిలుకను కిటికీ తెరిచి వదిలేస్తే కాకులకో పిల్లులకో చిక్కుతుంది కాబట్టి ఆ పని చేయకండి. మీ జిల్లా అటవీ శాఖ కార్యాలయానికి వెళ్లి ఉన్న విషయం చెప్పి అప్పగించండి.