తెల్లారాక తీసుకెళ్లండి

"మా అబ్బాయికి 24 ఏళ్లు. ఏడాదిగా డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాడు. చెట్ల మధ్య, సముద్రం దగ్గర కాసేపు గడిపితే మంచిదని డాక్టరుగారు చెప్పారు. వాడు ఎవరి కంటా పడకూడదంటారు మావారు. అందుకని రోజూ నాలుగింటికే లేపి, ఆటోలో ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి, తెల్లారేలోపు ఇంటికి తెచ్చేస్తున్నాను. నాలుగు నెలలైనా మార్పు లేదు. బీచ్ మాని కంబాలకొండ అడవికి తీసుకెళ్లమంటారా? ఈ ప్రకృతి చికిత్స పనిచేస్తే మాత్రలు ఆపేయొచ్చా?"
– ఒక తల్లి, గాజువాక

అమ్మా, మాత్రలు ఆపొద్దు. తగ్గించాలన్నా ఆపాలన్నా రాసిచ్చిన డాక్టరే చెప్పాలి. మట్టిపట్టీలు, ఉపవాసాలు ఉండే ప్రకృతి చికిత్స వేరు. మీ డాక్టరు చెప్పింది మందులు వేసుకుంటూనే రోజూ కాసేపు పచ్చదనంలో గడపమని. ఊరికే ఓదార్చడానికి అన్న మాట కాదది. అమెరికాలో రోజర్ ఉల్రిచ్ 1984లో ఒక పరిశోధన ప్రచురించారు. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో, కిటికీలోంచి చెట్లు కనిపించే గదిలో ఉన్నవాళ్లు ఇటుక గోడ కనిపించే గదిలోవాళ్ల కన్నా ముందే ఇంటికెళ్లారు. నొప్పికి గట్టి మందులూ వాళ్లకి తక్కువే పట్టాయి.

బీచా, కంబాలకొండా అన్నదాన్ని పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో నా మనసు కలుక్కుమన్నది ఇంకోచోట. "ఎవరైనా ఎదురొస్తే హుడీ ముఖం మీదికి లాక్కుని నా వెనక్కొచ్చి నిలబడతాడు" అని రాశారు. సముద్రం ముందున్నా వాడి చూపంతా రోడ్డు మీదే ఉంటుంది కదమ్మా! గాజువాక నుంచి అంత దూరం వెళ్తున్నది అక్కడ మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఉండరనే. ఆ సంగతి వాడికి తెలియదనుకుంటున్నారా? పైగా ఈ జబ్బున్నవాడికి కంటినిండా నిద్రా, పొద్దుటి వెలుతురూ రెండూ కావాలి. నాలుగింటికి లేపి, తెల్లారకముందే తెచ్చేసి, వాడికి ఆ రెండూ లేకుండా చేస్తున్నారు.

జబ్బు మీ వాడిది, సిగ్గు మీ వారిది. ఆ సిగ్గుని రోజూ మోసుకెళ్లి వాడి నెత్తిన పెడుతున్నది మీరు. కటువుగా అన్నానేమో, కానీ మీకు ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

చిన్నప్పుడు ఆషాఢ పౌర్ణమికి సింహాచలం అప్పన్న గిరిప్రదక్షిణకి వాళ్ల నాన్నే తీసుకెళ్లేవారనీ, హనుమంతవాక వచ్చేసరికి కాళ్లు నొప్పులంటే భుజానెక్కించుకునేవారనీ మీరే రాశారు. 32 కిలోమీటర్లు, లక్షల మంది జనం! అంత జనంలో కొడుకుని భుజాన మోసిన మనిషి ఇప్పుడు సొంత వీధిలో వాడి పక్కన నడవడానికి జంకుతున్నారు. ఎనిమిది నెలలుగా వాడితో మాటల్లేవట. తండ్రి ముఖం తిప్పుకుంటే ఏ కొండా ఏ సముద్రమూ ఆ లోటు తీర్చలేవని నా నమ్మకం.

కాబట్టి రేపటి నుంచి మీరు తీసుకెళ్లడం మానండి. మీ వారు తీసుకెళ్లాలి. ఏడు గంటలకి, మీ వీధిలోంచే, దగ్గర్లో ఉన్న పార్కుకైనా సరే. ఉద్యోగం ఊసూ, మందుల ఊసూ ఎత్తొద్దు. ఎవరైనా పలకరిస్తే "మా అబ్బాయి" అంటే చాలు. మొదట్లో వాడు రానంటాడు. వారానికి రెండు రోజులు కదిలినా సంతోషమే. రాని రోజున డాబా మీద కుండీలో నాలుగు బెండ గింజలు గుచ్చమనండి. నీళ్లు వాడే పోయాలి. వాడు మర్చిపోయాడని మీరు పోసేయకండి. వారం తిరిగేసరికి మొలక మట్టిని పైకెత్తుతుంది, ముందు వాడి కంటే పడనివ్వండి.

చచ్చిపోవాలనుందన్న మాట వాడి నోట వస్తే మాత్రం ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కి అర్ధరాత్రయినా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఈ జవాబు మీ వారి చేత చదివించండి. అప్పటికీ ఒప్పుకోకపోతే ఒకసారి నా దగ్గరికి రమ్మనండి. అబ్బాయిని కాదు, ఆయన్ని.