ఏ మందూ పొయ్యకు

బుజ్జీ,

నువ్వు ఉప్పునీళ్ల ట్యాంకు పెట్టావని మీ అమ్మ చెప్పింది. 70 లీటర్లదట, రెండు క్లౌన్ చేపలట, హాల్లో టీవీ పక్కనే అట. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఈ చేపల పిచ్చి మన ఇంట్లో నాతోనే ఆగిపోతుందనుకున్నాను. కానీ మీ అమ్మ అక్కడితో ఆపలేదు. రాళ్ల మీద నాచు పట్టిందని, షాపువాడు దానికి ఏదో మందు సీసా చూపించాడని, ఆదివారం వెళ్లి కొంటావని కూడా చెప్పింది. ఫోన్లో చెబితే సగమే వింటావు, అందుకే రాస్తున్నాను. ఆ సీసా కొనకు.

మామూలు సంగతులు నీకు తెలిసే ఉంటాయి. లైటు రోజుకు 8 గంటలు చాలు, టైమరు పెట్టెయ్. కిటికీ ఎండ పడనివ్వకు. వారానికి ఓ 7 లీటర్లు మార్చు. ఉప్పు కొలిచే మీటరులో నీళ్ల సాంద్రత 1.025 దగ్గర నిలకడగా ఉండాలి.

ముందు ఆ నాచు రంగేంటో చూడు. ఇసుక మీదా అద్దం మీదా గోధుమ రంగు పొడిలా ఉంటే అది కొత్త ట్యాంకుల్లో మామూలే, కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. ఎర్రగా, జిగురు దుప్పటిలా పరుచుకుని, లాగితే పొరలా ఊడొస్తే అది నిజానికి నాచు కాదు, ఒక రకం బాక్టీరియా. నీళ్లు కదలని మూలల్లో చెత్త పేరుకుంటే వస్తుంది. జుట్టులా పచ్చగా వేలాడితేనే అసలు తలనొప్పి. మన ఇంట్లో వచ్చింది అదే.

పెదవాల్తేరు ఇంట్లో ఉండేవాళ్లం అప్పుడు. నువ్వింకా బడికి కూడా వెళ్లడం లేదు. నేను పెళ్లికని ఊరెళ్తూ ట్యాంకు మీ నాన్నకు అప్పజెప్పాను. భీమవరం నుంచి మన చుట్టం ఒకాయన వచ్చాడట. చెరువులున్నాయి ఆయనకి. ఆ పచ్చ జుట్టు చూసి, "దీనికింత టెన్షనెందుకు, మేం చెరువులో మైలుతుత్తం వేస్తాం, రెండ్రోజుల్లో మాయం" అన్నాడు. నేను వచ్చేసరికి ట్యాంకు తళతళలాడాలని మీ నాన్న ఆశ. ఆ నీలం పలుకులు తెచ్చి గ్లాసులో కరిగించి పోసేశాడు.

మర్నాడు సాయంత్రం నేను వచ్చాను. అద్దాన్ని పట్టుకుని ఉండాల్సిన నత్తలన్నీ ఇసుక మీద వెల్లకిలా పడి ఉన్నాయి. రొయ్య ఓ పక్కకు ఒరిగిపోయింది. శంఖంలో ఉండే పీత శంఖం వదిలేసి, మెత్తటి ఒళ్లు బయటేసుకుని కూర్చుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నాచు చచ్చింది, నిజమే. కానీ చచ్చిన నాచంతా అక్కడే కుళ్లుతూ నీళ్లలో ఆక్సిజన్ లాగేసింది. నువ్వు నా చీర కుచ్చెళ్లు పట్టుకుని "అత్తా, పీత చొక్కా ఎందుకు విప్పేసింది?" అని అడిగావు. మీ నాన్నకీ నాకూ నోట మాట రాలేదు.

నీళ్లన్నీ మార్చాం. కొన్నాళ్లాగి కొత్త నత్తలు తెచ్చాం. అవీ పోయాయి. మైలుతుత్తంలో ఉండేది రాగి. అది నీళ్లతో పాటే పోదమ్మా, రాళ్లలోకీ ఇసుకలోకీ దిగిపోయి తర్వాత కొంచెం కొంచెంగా వదులుతుంది. చేప తట్టుకునే మోతాదులో కూడా రొయ్యా నత్తా బతకవు. చివరికి ఆ రాళ్లన్నీ పారేశాం. "కొంచెమే వేశానక్కా" అని మీ నాన్న ఇప్పటికీ అంటాడు. వాడు నాకు సాయం చేద్దామనే చేశాడు పాపం. షాపు సీసాలో రాగి లేకపోయినా సరే, నాచు మొత్తం ఒక్కసారిగా చస్తే కుళ్లేది నీ ట్యాంకులోనే. ఆ ఎర్ర దుప్పటి బాక్టీరియానే కదా అని మెడికల్ షాపు నుంచి యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చి వేసే తెలివి కూడా ఎవరైనా చెబుతారు. చెవిన పెట్టకు.

మరేం చేయాలంటే, తిండి తగ్గించు. నాచు బతికేది నైట్రేటు, ఫాస్ఫేటు మీద. అవి ఎక్కువగా వచ్చేది నీ చేతిలోంచే. నిన్ను నాకు తెలీదా, చేప వచ్చి మూతి ఆడించగానే ఇంకో చిటికెడు వేస్తావు. రెండు నిమిషాల్లో తినేసేంతే వెయ్యి. ఫ్రోజెన్ మేత అయితే టీ వడగట్టుకునే జాలీలో కరగనిచ్చి, ఆ నీళ్లు సింకులో పారబోసి, ముక్కలు మాత్రమే వెయ్యి. ఫిషింగ్ హార్బర్ రొయ్య తరిగి వేసినా కడిగే వెయ్యాలి.

నాచున్న రాయి బయటికి వస్తే ట్యాంకు నీళ్లే పట్టిన బకెట్లో పెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దు. టెస్టులో ఫాస్ఫేటు సున్నా చూపిస్తే మురిసిపోకు, ఉన్నదంతా నాచే తాగేసి ఉండొచ్చు. అలాగని నైట్రేటు, ఫాస్ఫేటు నిజంగానే సున్నా చేద్దామనీ చూడకు. అప్పుడు బుడగలతో చీమిడిలా ఇంకో దరిద్రం వస్తుంది, దాని ముందు ఈ పచ్చ జుట్టే నయం.

నీళ్ల సంగతి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. కాబట్టి తగ్గినంత మంచినీళ్లే పొయ్యాలి. కుళాయి నీళ్లు కాదు, ఆర్‌ఓ నీళ్లు. వంటింటి మెషీన్లు చాలావాటిలో రుచి కోసం ఖనిజాలు మళ్లీ కలుపుతారు. నీళ్లలో కరిగినవి కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూడు, సున్నా దగ్గరలో ఉంటేనే వాడు. "సముద్రం పక్కనే ఉండగా ఉప్పు కొనడమెందుకు" అని మీ నాన్న అంటాడు చూడు. ఆర్కే బీచ్ నీళ్లు ట్యాంకులోకి రాకూడదు. గెడ్డల మురుగు కలిసేది ఆ ఒడ్డునే. పైగా మార్చి, ఏప్రిల్ నెలల్లో మన తీరంలో అడుగు నీళ్లు పైకొస్తాయి, వాటి నిండా నాచుకి మేతే.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. నాచు తినే నత్తల కోసమని రుషికొండ, యారాడ రాళ్ల మీదికి వెళ్లావో, నేను ఊరుకోను. తడి రాయి మీద పాచి జారుతుంది, అల వెనక్కి లాగుతుంది. ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం. పగడపు రాయి ఏదైనా దొరికినా ముట్టుకోకు, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. నత్తలు కొనుక్కో, నాలుగైదు చాలు. ఎక్కువైతే తిండి లేక చచ్చి అవే మళ్లీ నాచుకి ఎరువవుతాయి. వెల్లకిలా పడ్డదాన్ని వేలితో తిప్పి పెట్టు, కొన్ని వాటంతటవి లేవలేవు.

స్విచ్‌బోర్డు ట్యాంకు కంటే కింద ఉంటే, ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా పెట్టు, చుక్క కిందే రాలిపోతుంది. ప్లగ్గు మీద తెల్లగా ఉప్పు కనిపిస్తే స్విచ్ ఆపాకే తుడువు. తడి చేత్తో వద్దు తల్లీ.

ఫోటో పంపు, చూసి చెబుతాను. నీలం లైటులో తీసింది పంపకు, అందులో ఏ ట్యాంకైనా అందంగానే ఉంటుంది. తెల్ల లైటు వేసి, అద్దం తుడవకుండా, వెనక రాయి కనబడేలా తియ్యి.

మీ అత్త