మోటారు గొంతు నొక్కకు, గేరు మార్చు

ఆటోనగర్, విజయవాడ

అమ్మలూ,

నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. నీ రోబో నల్లగీత మీద బుద్ధిగానే బయలుదేరుతోంది, మలుపు రాగానే గీత దాటి బల్ల చివరికి పోతోంది. పోటీ దగ్గరపడుతోందని టెన్షన్ పడుతున్నావట, మీ అమ్మ చెప్పింది. "పీడబ్ల్యూఎం 255 నుంచి 60కి దించాను మామయ్యా, ఇప్పుడు అసలు కదలట్లేదు" అన్నావు. అంటే ప్రోగ్రాంలో మోటారుకి అందే కరెంటుని తగ్గించే అంకె. కదలదు మరి. లోడు లారీని టాప్ గేర్‌లో ఉంచి, ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తీసినట్టుంది నువ్వు చేసింది. కరెంటు తగ్గిస్తే స్పీడుతో పాటు బలమూ పోతుంది. మోటారు కుయ్యిమంటూ వేడెక్కుతుంది తప్ప తిరగదు. స్పీడుని గేరుతో తగ్గిస్తే మాత్రం, పోయిన స్పీడు బలంగా తిరిగొస్తుంది. పళ్ళ రాపిడికి కొంత పోతుందనుకో, అయినా లాభమే.

మా షెడ్డులో ఇది రోజూ చూసే పనే. బండి లోడు లాగట్లేదని కొందరు ఓనర్లు క్రౌన్ పినియన్, అంటే వెనక ఇరుసులో ఉండే పెద్ద గేరు, చిన్న గేరు జత, మార్పిస్తారు. పినియన్‌కి 7 పళ్ళు, క్రౌన్‌కి 41 ఉంటే పినియన్ 5.86 చుట్లు తిరిగితే గానీ చక్రం ఒక చుట్టు తిరగదు. 6 పళ్ళ పినియన్ ఉన్న సెట్టు వేస్తే అది 6.83 అవుతుంది. ఇంజను అదే, బండి కాస్త నెమ్మదిస్తుంది, లాగుడు పెరుగుతుంది. 41 అనే అంకె చూశావా, 7తోనూ పోదు, 6తోనూ పోదు. కావాలనే అలా పెడతారు. ఒక పన్ను ప్రతి చుట్టుకీ అదే పన్నుకి తగలకుండా అన్నీ సమానంగా అరుగుతాయి.

ఆ రెండూ జతగానే కొనాలి. పనిలో చేరిన కొత్తలో నేను ఒక బండి క్రౌన్‌కి ఇంకో బండి పినియన్ వేసి, ఓనరుకి డబ్బు మిగిల్చానని మురిసిపోయాను. ఆ లారీ గుంటూరు చేరలేదు. మంగళగిరి దగ్గరే కింద నుంచి గోల మొదలైంది. నీ చిన్న గేరుకీ అదే న్యాయం. పన్ను సైజు కలవకపోతే పళ్ళ లెక్క ఎంత బాగున్నా పనికిరాదు.

ఇప్పుడు నీ పసుపు మోటారు సంగతి. అందరూ బీఓ మోటారు అంటారే, అది మామూలుగా 1:48 ఉంటుంది, అంటే లోపలి మోటారు 48 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. లోడు లేకుండా 6 వోల్టుల దగ్గర సుమారు 200 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 200 చుట్లు. నీ చక్రం 65 మిల్లీమీటర్లది అన్నావు, అంటే ఒక చుట్టుకి 20.4 సెంటీమీటర్లు నడుస్తుంది. నిమిషానికి 200 చుట్లంటే సెకనుకి 68 సెంటీమీటర్లు. ఆ పరుగులో మలుపు చూసుకునే తీరిక నీ సెన్సర్లకి ఎక్కడిది? పైకి అచ్చం అలాగే ఉండే మోటారు 1:120లో కూడా దొరుకుతుంది. దాంతో చుట్లు 80కి దిగుతాయి, సెకనుకి 27 సెంటీమీటర్లు. బలం రెండు రెట్లకు పైగా పెరుగుతుంది. నా ఓటు దీనికే. కొనేటప్పుడు నిష్పత్తి అడిగి తీసుకో, రంగు చూసి కాదు.

ఇంకోమాట. నువ్వు వాడే ఎల్298ఎన్ డ్రైవర్, అదే మోటారుకి కరెంటు పంపే బోర్డు, దాదాపు 2 వోల్టులు తానే తినేస్తుంది. రెండు సెల్లుల 7.4 వోల్టుల్లో మోటారుకి చేరేది ఐదున్నరే. కాబట్టి నా లెక్క మీద గుడ్డిగా పోకుండా, చక్రానికి టేపు ముక్క అంటించి నిమిషానికి ఎన్ని చుట్లో లెక్కపెట్టు. ఆ పని రోబోని నేల మీద నడిపించి చెయ్యి, గాలిలో ఎత్తిపట్టుకుని కాదు.

పెట్టె విప్పి గేర్లు మారుస్తానంటే వద్దనను, కానీ ఈ పసుపు డబ్బాలో కాదు. మార్చుకోవడానికే తయారుచేసిన కిట్లు ఉన్నాయి. తామియా అనే కంపెనీ వాళ్ళ డబుల్ గేర్‌బాక్స్‌లో అవే గేర్లను షాఫ్టుల మీద వేర్వేరుగా పేర్చి 12.7, 38.2, 114.7, 344.2 నిష్పత్తులు తెచ్చుకోవచ్చు. ఒకదానికీ తర్వాతదానికీ సరిగ్గా మూడు రెట్లు, గమనించావా? ఒక్కో జత కలిసినప్పుడల్లా ఇంకో మూడు రెట్లు తగ్గుతుంది. గేర్‌బాక్స్ లెక్కంతా ఆ గుణకారమే. ఏది విప్పినా ముందు ఫోన్‌తో ఫోటో తియ్యి, కింద తెల్లగుడ్డ పరుచుకో. గేర్లకి దొరికే మర్యాద వాషర్లకి దొరకదు, ఎప్పుడూ పోయేది అవే. ప్లాస్టిక్ భాగాల్ని పెట్రోల్‌తో కడగకు. మా షెడ్డు గ్రీజు కూడా వద్దు, ఆ చిక్కదనానికి నీ మోటారు సగం బలం దానికే పోతుంది. సిలికాన్ గ్రీజు పుల్ల మొనతో రాస్తే చాలు.

ఇనుప గేర్ల 12 వోల్టుల మోటారు కొంటే పట్టీకి బిగించే స్క్రూల పొడవు చూసుకో. ఎక్కువ లోపలికి దిగితే మొన గేర్లకి తగులుతుంది. మోటారు కాలిపోయిందని పారేసినవాళ్ళు నాకు తెలుసు, పాపం దాని తప్పేం లేదు.

కొత్త మోటార్లు అందేలోపు చిన్న చక్రాలు వేసి చూడు. 43 మిల్లీమీటర్లవి వేస్తే స్పీడు మూడో వంతు తగ్గుతుంది, పెట్టె విప్పే పనే లేదు. సెన్సరు నేలకి మరీ దగ్గరైతే దాన్ని కొంచెం పైకి బిగించుకో. అవీ దొరక్కపోతే 3డీ ప్రింటర్లకి వాడే పళ్ళ బెల్టు ఉంటుంది, మోటారుకి 20 పళ్ళ పుల్లీ, చక్రానికి 60 పళ్ళది వేస్తే మూడో వంతుకి దిగుతుంది. బయట రెండు గేర్లే కలిపితే మాత్రం చక్రం ఎదురు తిరుగుతుంది. కంగారుపడి ప్రోగ్రాం అంతా తిరగరాయకు, మోటారు వైర్లు రెండూ అటూ ఇటూ మార్చు.

ఆదివారం షెడ్డులోనే ఉంటాను. పుల్లీ మధ్య రంధ్రం నీ షాఫ్టుకి చాలకపోతే తీసుకురా, లేతు మీద పెంచి ఇస్తాను. మీ అమ్మతో చెప్పు, భోజనం ఇక్కడే అని.

మీ మామయ్య